నిలబడి చల్లే గరిక

గడ్డి మాస్టారికి గరిక కంకి అంటే ఒళ్ళు మంట. పచ్చగా నున్నగా కోసి పెట్టుకున్న ఆటస్థలంలో తెల్లారేసరికి ఎక్కడో ఓ కంకి వేళ్ళు చాచుకుని తలెత్తిందంటే ఆయనకి ఆ రోజు టీ సహించదు. ఇస్త్రీ చొక్కా మీద ఎవరో సిరా చిలకరించినట్టు గింజుకుంటాడు. ఆయన చదువు చెప్పే మాస్టారు కాదు లెండి. బడిలో ఆటస్థలం చూసుకునే మనిషి. గడ్డి కోసే మిషను తోసుకుంటూ పొద్దల్లా గడ్డిలోనే తిరుగుతాడని పిల్లలు పెట్టిన పేరు అది. ఆ పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అలాంటి మనిషికి దొరికిన భార్య ఎలాంటిదయ్యా అంటే, గరిక కంకి కనబడితే చంటిపిల్ల నవ్వు చూసినంత మురిసిపోయే మనిషి. ఊరి చివర గడ్డి పరిశోధన క్షేత్రంలో ఆవిడ ఉద్యోగం. ఒక గరికకి ఇంకో గరికని జోడీ కట్టి, పుట్టిన పిల్లల్లో ఏది ఎవరి పోలిక తెచ్చుకుందో చూసుకుంటూనే జుట్టు నెరిపించుకుంది. వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. కొత్తగా దిగినవాళ్ళు ఆ మాట విని జ్వరం పిల్లని భుజాన వేసుకుని వచ్చేస్తారు. "నేను గడ్డికి డాక్టర్నమ్మా, కాస్త ఉండు" అని ఆవిడ లోపలికి కేకేస్తే, ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు వచ్చి పిల్లని చూస్తుంది.

ఆవిడకి ఇంకో అలవాటుంది. మడిలో గడ్డి ఎంత బాగుందో కంటితో చూసి తొమ్మిదికి ఇన్ని అని మార్కులేయడం వాళ్ళ పనిలో పద్ధతి. ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చింది. మొగుడు పెట్టిన టీకి ఆరు. కూతురు కొనుక్కున్న చెప్పులకి ఐదు. తొమ్మిది మాత్రం దేనికీ వేసిన పాపాన పోలేదు. అడిగితే, "తొమ్మిదేస్తే ఇంక నాకేం పని మిగుల్తుంది?" అనేది.

ఆవిడ పనిలో చిక్కంతా ఒక్కచోటే ఉంది. చూడ్డానికి అందంగా, దట్టంగా, కాళ్ళకి మెత్తగా ఉండే గరిక గింజ కట్టదు. గింజ కట్టే గరిక చూడ్డానికి బాగోదు. గింజ లేని గడ్డితో ఆటస్థలం వేయాలంటే తీగల్ని ముక్కలుగా తెంపి, ఒక్కో ముక్కనీ నేలలో గుచ్చాలి. గడ్డి మాస్టారు వయసులో ఉన్నప్పుడు బడి ఆటస్థలం మొత్తాన్ని మోకాళ్ళ మీద పాకుతూ అలాగే నాటాడు. ఇప్పుడు ఆ మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు ఇంట్లో అందరికీ వినబడతాయి.

అందుకే క్షేత్రంలో రెండు మళ్ళు ఉండేవి. ఇటువైపు కోత మడి. అందగత్తెలన్నీ అందులో ఉంటాయి, వారం వారం కోస్తారు. గోడ వైపు కంకి మడి. గింజ కట్టే రకాలు వరసలు వరసలుగా అందులో ఉంటాయి. అక్కడికి కత్తి రానే కూడదు. కంకి పోతే గింజ ఎంతో ఎలా తెలుస్తుంది మరి? ఆ నియమం పెట్టింది ఆవిడకి పని నేర్పిన గురువుగారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ మాట జవదాటలేదు. ఏటా ఇటు మొక్కకీ అటు మొక్కకీ పెళ్ళి చేసేది, పిల్లల్ని కంకి మడిలో పెంచేది. ఏటా నిట్టూర్చేది.

ఆ ఏడు పెద్దసారు, అంటే క్షేత్రం అధికారి, తాడో పేడో తేల్చేశాడు.

"అమ్మా, మీరంటే నాకు గౌరవం. కానీ కూరగాయల విభాగం వాళ్ళు ఆ నేల కోసం నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. శుక్రవారం వచ్చి చూస్తా. అందమూ గింజా రెండూ ఉన్న మొక్క ఒక్కటంటే ఒక్కటి చూపించండి. లేదంటే మళ్ళు వాళ్ళకిచ్చేద్దాం" అన్నాడు.

డాక్టరమ్మ మరీ బెంబేలు పడలేదు. ఆ ఏడు కంకి మడి విరగబడి పూసింది. కొత్త పిల్లలన్నీ నిండా కంకులేసుకుని ఉన్నాయి. అందం సంగతి తర్వాత, ముందు ఆ గింజ చూపించి ఇంకో ఏడు గడువు అడగొచ్చని ఆవిడ ధైర్యం. ఆ ధైర్యంతో ఇంటికొచ్చిన మనిషి మర్నాడు జ్వరంతో మంచమెక్కింది.

ఇక్కడే గడ్డి మాస్టారు పప్పులో కాలేశాడు. మనిషి మంచివాడు. వచ్చిన చిక్కంతా అదే. మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తూ మారుస్తూ ఆయన ఆలోచించాడు. పెద్దసారు వస్తున్నాడు. ఈవిడేమో లేవలేని స్థితిలో ఉంది. మడి ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు? పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళుంటే ఇల్లు ఊడ్చకుండా వదిలేస్తామా? మర్నాడు పొద్దున్నే బడిలో మిషను తోపుడు బండి మీద కట్టుకుని క్షేత్రానికి పోయాడు. గేటు దగ్గర కాపలాదారు అడిగాడు.

"డాక్టరమ్మగారు పంపారా?"

"పంపకపోతే వస్తానా?" అన్నాడు గడ్డి మాస్టారు. అబద్ధం ఆడేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎదురు ప్రశ్నే వేస్తాడు.

గోడ వైపు మడి చూసేసరికి ఆయన నెత్తి పట్టుకున్నాడు. మోకాలెత్తు గడ్డి, దాని నిండా కంకులు. ఇంత చదువుకున్న మనిషి మడి ఇలా ఉంచుకుందంటే పాపం ఎన్నాళ్ళ నుంచి ఒంట్లో బాగోలేదో అనుకున్నాడు. చొక్కా విప్పి గోడ మీద పెట్టి, ఎత్తుగా ఒకసారి, పొట్టిగా ఇంకోసారి, రెండు విడతలుగా, అంచులు కూడా సరిచేసి కోసిపారేశాడు. ఇంత శ్రద్ధగా తన ఆటస్థలం కూడా ఎప్పుడూ కోయలేదు. కోసినంతసేపూ ఆవిడ మొహమే కళ్ళ ముందు పెట్టుకుని కోశాడు.

ఇంటికొచ్చి టీ పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"లే, నీకో మంచి మాట చెప్తా."

"పెద్దసారు మనసు మార్చుకున్నాడా?"

"అంతకంటే మంచిది. పొద్దున నీ మడికి వెళ్ళానోయ్. చూసి జడుసుకున్నా అనుకో. మొత్తం కోసేశా. చెయ్యి పెట్టి నిమిరితే జారిపోతుంది."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఏ మడి?"

"గోడ వైపుది. ఇటుది నువ్వు నున్నగానే ఉంచుకున్నావుగా."

"కోసిన గడ్డి ఏం చేశారు?"

ఆవిడ గొంతులో ఏదో తేడా కొట్టింది. ఆయన నీళ్ళు నమిలాడు. "కాపలాదారుకి ఆవుందిగా. దానికేశాం."

"తినేసిందా?"

"మొత్తం తినేసింది. చాలా ఇష్టంగా తింది" అన్నాడు, ఆ వార్త అయినా ఆవిడకి సంతోషమిస్తుందేమో అన్న ఆశతో.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని దుప్పటి తల మీదికి లాక్కుంది. టీ అలాగే చల్లారిపోయింది.

తిట్టినా బాగుండేది. తిట్టే పెళ్ళాంతో బతికిన మనిషికి తిట్టని పెళ్ళాం ఎంత భయమో మీకేం తెలుసు? ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు, వెళ్ళిపోయేవాడు. మందిస్తే వేసుకుంది. జావ ఇస్తే తాగింది. మార్కు మాత్రం వేయలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన కూతురు సంగతి విని ముక్కున వేలేసుకుంది.

"గుండె బాగు చేయమని అప్పగిస్తే గుండు గీసి పంపావు కదా నాన్నా" అంది.

"నాకేం తెలుసే? కంకి కనిపిస్తే చెయ్యి ఆగదు. ఇన్నేళ్ళ అలవాటాయె."

"అసలు అమ్మ ఎందుకలా గింజ గింజ అని ప్రాణం పెడుతుందో ఎప్పుడైనా అడిగావా?"

"వాళ్ళ పనే అది కదా."

"నీ మోకాళ్ళ కోసం" అంది కూతురు. "పెళ్ళైన కొత్తలో నువ్వు ఆటస్థలం నాటి వచ్చి మెట్లెక్కలేక గుమ్మంలోనే కూర్చుండిపోయావంట. అమ్మ వేడినీళ్ళ గుడ్డ కాపడం పెడుతూ, నువ్వు నిలబడి చల్లే గరిక తీసుకొస్తా అందంట. నాకెన్నిసార్లు చెప్పిందో. నీకు గుర్తు లేదూ?"

ఆయనకి గుర్తు లేదు. తల గోక్కుని వెతికితే ఎక్కడో వేడిగుడ్డ గుర్తొచ్చింది, ఆ చెయ్యి గుర్తొచ్చింది. మాట గుర్తు రాలేదు. కొత్త పెళ్ళాం ముద్దుగా ఏదో అంది కాబోలని నవ్వేసి మర్చిపోయి ఉంటాడు. ఆవిడ మర్చిపోలేదు. ఆ ఒక్కమాట పట్టుకుని వయసంతా ఎండలో నిలబడింది. తను కోసింది గడ్డి కాదని ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి బడి అవగానే క్షేత్రానికి పోయి, ఎవరూ చెప్పకుండానే మడికి నీళ్ళు పెట్టసాగాడు. నీళ్ళు పెడితే కంకులు తిరిగొస్తాయని కాదు. ఊరికే ఉండలేక.

గురువారం జ్వరం విడిచింది. ఆవిడ లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"మడికి. రేపు ఆయనకి ఏం చూపించకూడదో చూసి రావాలిగా."

మాట్లాడినందుకే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గొడుగు పట్టుకుని వెనకాలే నడిచాడు. గేటు దగ్గర కాపలాదారు వాళ్ళని చూసి, ఎందుకైనా మంచిదని ఆవుని అటువైపు తోలుకుపోయాడు.

కంకి మడి ఎండిన చాపలా ఉంది. ఏపుగా పెరిగిన గడ్డిని ఒక్కసారిగా పొట్టిగా కోస్తే కింద ఆకుండదు, కాడలే మిగుల్తాయి. వరస తర్వాత వరస ఎండుగడ్డి రంగులో గీరుకుపోయి కనబడుతుంటే గడ్డి మాస్టారు తల దించుకున్నాడు. ఆవిడ గట్టు మీద నడుచుకుంటూ గోడ దాకా పోయింది. గోడ పక్క నుంచి మూడో వరస దగ్గర ఆగింది. అక్కడే కూలబడింది.

ఏడుస్తోందనుకున్నాడు. గొడుగు అక్కడ పారేసి ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు.

"తప్పైపోయిందే. నీ మడి కాదు, నీ మాటే కోసేశాను. నాకు నిజంగా గుర్తు లేదు."

"ఉండండి. ఇది చూడండి ముందు."

చూశాడు. అటూ ఇటూ వరసలన్నీ ఎండు కాడలు. ఈ ఒక్క వరస మాత్రం పచ్చగా, వేలు దూరనంత దట్టంగా, నేలని అంటుకుని ఉంది. ఆవిడ చెప్పులు విడిచి దాని మీద నిలబడింది. కళ్ళు మూసుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది.

"ఇది కంకి మడి మొక్కేనా?" అన్నాడాయన.

"కంకి మడిదే. పోయిన వారం దీన్నిండా కంకులే. మొన్నటిదాకా దీనికి అందానికి మూడేశాను నేను." ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇక్కడికి కత్తి రానివ్వద్దని గురువుగారన్నారు. సరే అని ఒక్కదాన్నీ ఒక్కసారైనా కోసి చూడలేదు. దువ్వకుండా వదిలేసి, పిల్ల జుట్టు బాలేదు, జుట్టు బాలేదు అని కూర్చున్నానండీ ఇన్నేళ్ళూ."

ఆయనకి సగమే అర్థమైంది. అర్థమైన సగానికే గుండె తేలికైంది. మెల్లగా అడిగాడు.

"అయితే నా కోతకి ఎన్ని?"

"కోతకి ఎనిమిది" అంది ఆవిడ. "బుద్ధికి ఒకటి."

శుక్రవారం పెద్దసారు వచ్చాడు. ఎండు వరసలు చూసి, "కంకులు విరగబడి పూశాయన్నారు. ఏవమ్మా?" అన్నాడు.

"ఆవు తినేసిందండీ" అన్నాడు గడ్డి మాస్టారు, అడగకపోయినా. డాక్టరమ్మ ఆయన్ని కళ్ళతోనే వెనక్కి నిలబెట్టి, పెద్దసారుని గోడ పక్కకి తీసుకెళ్ళింది. ఆయన వంగి చూశాడు, అరచేతితో నొక్కి చూశాడు. చివరికి ఆయన కూడా బూట్లు విప్పాడు.

"అందం ఒప్పుకున్నాను. గింజ సంగతేంటి?"

"చలి వచ్చేలోపు చూపిస్తాను."

గరిక ఎండకి పుట్టిన గడ్డి. ఎండ మండుతుంటే పచ్చగా నవ్వుతుంది, చలిగాలి తగిలితే రంగు పోయి నిద్రపోతుంది. చలికి ఆట్టే రోజులు లేవని పెద్దసారుకీ తెలుసు.

"చలి వచ్చేలోపు గింజ నా చేతిలో పెట్టండి. మాట మీద మళ్ళు ఉంచలేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇంకో తంటా వచ్చింది. కోస్తే అందం నిలుస్తుంది, గింజ రాదు. వదిలేస్తే గింజ వస్తుంది, అందానికి సాక్ష్యం ఉండదు. ఉన్నదేమో ఒక్క వరస. డాక్టరమ్మ దాని నడుమకి అడ్డంగా ఒక తాడు కట్టింది.

"ఇటు సగం మీది, వారానికోసారి కోయండి. అటు సగం నాది. తాడు దాటారో, ఆవుకి మిమ్మల్నే వేస్తాను."

"పక్క వరస కోయనా?"

"దాన్నీ ముట్టుకోకండి. గరిక ఒక్కటే ఉంటే కంకి వేస్తుంది గానీ గింజ కట్టదు. పక్కన ఇంకో రకం పూసి, దాని పుప్పొడి గాలికి వచ్చి పడాలి. దీనికి తోడుండాలి."

"నీకు మల్లే" అన్నాడాయన.

"తోడు దగ్గర కత్తి ఉండకూడదు" అంది ఆవిడ, వెంటనే.

గడ్డి మాస్టారు జీవితంలో ఎన్నడూ చేయని పని ఆ వారాల్లో చేశాడు. కంకి కోసం కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూశాడు. బడి అవగానే పరిగెత్తుకు రావడం, తాడు ఇవతల కోసుకోవడం, అవతల వంగి వంగి చూడడం. మొదటి కంకి వేళ్ళు విప్పిన సాయంత్రం దారిలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు. మనవడు పుట్టాడు కాబోలనుకుని పక్కింటావిడ కూతురికి శుభాకాంక్షలు చెప్పింది. పెళ్ళి కాని కూతురు తండ్రి వైపు గుడ్లురిమి చూసింది.

పూత పట్టి, గింజ ఇంకా గట్టిపడక పాల మీద ఉండగానే చలిగాలి మొదలైంది. ఆ ఏడు తొందరగా వచ్చింది. తోడు వరస కొసలు అప్పుడే రంగు మారుతున్నాయి. డాక్టరమ్మ మొహం వాడిపోయింది. పైకి మాత్రం, "వస్తే వస్తుంది, పోతే పోతుంది" అంటోంది. గడ్డి మాస్టారు ఆ మాట నమ్మలేదు. ఇంట్లో దుప్పట్లన్నీ మూటగట్టి తీసుకెళ్ళి, రోజూ పొద్దు వాలే వేళకి ఆ రెండు వరసల మీద కంకులు విరక్కుండా పుల్లలు పాతి కప్పేవాడు, ఎండెక్కాక తీసేవాడు. కూతురు చలికోటు వేసుకుని పడుకునేది. గడ్డికి దుప్పటి కప్పి కన్నకూతుర్ని వణికించే తండ్రి లోకంలో తనకొక్కదానికే దొరికాడని గొణిగేది. గొణుగుతూనే ఆసుపత్రిలో పక్కన పడేసిన పాత దుప్పట్లు అడిగి తెచ్చిచ్చింది.

ఓ ఎండపొడ మధ్యాహ్నం డాక్టరమ్మ ఒక కంకి తెంపి అరచేతుల మధ్య నలిపింది. మెల్లగా ఊదింది. పొట్టు ఎగిరిపోయింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిడ చేతిలోకి తొంగిచూశాడు.

"ఏమీ లేదే."

"సరిగ్గా చూడండి."

ఉంది. ఆవగింజ కూడా పెద్దగా కనిపించేంత సన్నగా, అరచేతి గీతల్లో ఇరుక్కుని, నిండుగా ఉంది. ఇలాంటివాటిని వయసంతా మిషను కింద వేసి తొక్కించాను కదా అనుకున్నాడు.

తాడుకి అవతలున్న గింజంతా దులిపి, తాడుకి ఇవతలున్న పచ్చిక మీద పెద్దసారుని నిలబెట్టి, ఆయన చేతిలో పోసింది డాక్టరమ్మ. పెద్దసారు చాలాసేపు చెయ్యి కదపలేదు, ఎక్కడ జారిపోతాయో అని. తర్వాత, "కూరగాయల వాళ్ళకి వేరే చోటు చూస్తాలెండి" అన్నాడు. ఆ గింజలోంచి ఒక పిడికెడు తీసి, "ఇది ఎక్కడ వేసి చూస్తారో మీ ఇష్టం" అని ఆవిడకే ఇచ్చాడు.

ఆవిడకి ఇంకో ఆలోచన లేదు. చలి పోయి, ఎండలు ముదిరి, నేల వెచ్చబడ్డాక, బడి లేని రోజు చూసి మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆటస్థలానికి వెళ్ళింది. గోలు స్తంభాల ముందు నేల ఎప్పుడూ బట్టతలే. పిల్లల బూట్లు అక్కడ గడ్డిని బతకనివ్వవు. ఏటా సెలవుల్లో ఆయన ముక్కముక్కా గుచ్చేది ఆ చోటే. ఇద్దరూ కలిసి మట్టి గుల్ల చేశారు. ఆవిడ పొట్లం విప్పింది.

ఆయన అలవాటు కొద్దీ ఒక చెయ్యి నేల మీద ఆనించి, మూలుగుతూ, మోకాళ్ళు వంచబోయాడు.

"లేవండి" అంది ఆవిడ. "వంగక్కర్లేదు. నిలబడి చల్లండి."

ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆయన పిడికిట్లో కొన్ని గింజలు పోసింది. అలాగే నిలబడిపోయాడు. బతుకంతా గడ్డితోనే గడిపిన మనిషికి గడ్డి చల్లడం చేతకాదు. ఎంత ఎత్తు నుంచి వదలాలో, వేళ్ళు ఎంత విప్పాలో తెలియదు. ఎప్పుడు చల్లాడని? కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, గింజలు ఒలికిపోతాయని తుడుచుకోలేదు.

ఆవిడ వెనకగా వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇలా. వేళ్ళ సందుల్లోంచి. గాలికి అడ్డంగా" అని ఆ చేతిని పక్కకి ఊపింది. గింజలు పోయి మట్టిలో పడ్డాయి. ఎక్కడ పడ్డాయో ఇద్దరికీ కనిపించలేదు.

"ఎన్ని?" అన్నాడు ఆయన.

"నాలుగు. సగం నా కాళ్ళ మీదే పోశారు" అంది. మణికట్టు మాత్రం వదల్లేదు. పొట్లంలో ఇంకా గింజలున్నాయి.